రెండు వేల బొమ్మలు, మూడు నిమిషములు



ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన తరువాత మా గడప తొక్కే తల్లిదండ్రులు ఒకప్పుడు అడిగిన ప్రశ్నలు రెండే. టీచరు ట్రైనింగా, నర్సు ట్రైనింగా? తరువాత ఇంజనీరింగు వచ్చినది. ఈ నడుమ కొందరు మరొక మాట పట్టుకొని వచ్చుచున్నారు. “యానిమేషన్ అంట అయ్యగారూ, మావోడు అదే చదువుతాడంట. బొమ్మలేసుకుంటా కూర్చుంటే కూడు పెడుతుందా?” అని. ఆ చదువు గురించి, ముఖ్యముగా ఆ చదువు చివర పిల్లలు తామే దర్శకులై తీయవలసిన మొదటి చిన్న సినిమా గురించి, ఈ మాసము ఈ పుటలో వ్రాయదలచినాము. మా సంఘములోని ఒక కుటుంబము ఇందులో ఏడాదిపాటు నలిగినది. వారి అనుమతితోనే వ్రాయుచున్నాము. పేర్లు మాత్రము అడుగవద్దు.

బొమ్మల సినిమా అనగానే అదేదో పరదేశపు వస్తువని మనవారు అనుకుంటారు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట మనకెంత దూరము? అక్కడ మేకతోలును పలుచగా, వెలుతురు దాటేటట్లు శుభ్రపరచి, రంగులు వేసి, చేతిని భుజము దగ్గర, మోచేయి దగ్గర దారముతో ముడివేసి, దీపము ముందర ఆడించేవారు తరతరములుగా ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇక జర్మనీ దేశములో లొట్టె రైనిగర్ అనే స్త్రీ నల్లని అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్ల దగ్గర ముడివేసి, క్రిందనుండి దీపపు వెలుగు వచ్చే అద్దముపై పరచి, ప్రతిసారి వెంట్రుకవాసి జరిపి ఒక్కొక్క ఫోటో తీసి 1926లో ఒక పూర్తి సినిమా విడుదల చేసినది. నేటికి నిలిచియున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాలలో అదే పాతది. మన తోలుబొమ్మకును ఆమె అట్టబొమ్మకును తేడా ఒక్కటే. మనవాడు బొమ్మను అప్పటికప్పుడు ఆడించును. ఆమె బొమ్మను నిలిపి, జరిపి, మరల నిలిపినది. ఆదివారపు బడిలో ఫ్లానెల్ గుడ్డపై బొమ్మలు అంటించి కథ చెప్పిన అక్కలందరు ఆ పనిలో సగము దూరము నడిచినవారే.

మన దేశములో ఈ విద్య పద్ధతిగా నేర్పుట 1956 ప్రాంతములో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌లో మొదలైనది. నేర్పుటకు వచ్చినవాడు డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్. ఆయన మన దేశములోనే పుట్టిన మిషనరీల బిడ్డ అని చెప్పితే మన చదువరులకు ముచ్చటగా ఉంటుంది. ఆయన క్రింద నేర్చుకొన్నవారు 1957లో జాతక కథ ఒకటి తీసుకొని ‘బన్యన్ డీర్’ అనే చిన్న చిత్రము చేశారు. నేర్చుకొనుచున్న చేతులు చేసిన పని గనుక దానిని విద్యార్థుల చిత్రమనియే మేము అంటాము. ఆ గుంపులోని రామ్ మోహన్ తరువాత ఈ దేశపు యానిమేషన్‌కు పెద్దదిక్కు అయినాడు. తెలుగులో బి. సత్య దర్శకత్వము వహించిన ‘కిట్టు’ 2006 సంవత్సరపు ఉత్తమ యానిమేషన్ చిత్రముగా జాతీయ బహుమానము పొందినది. సింగీతము శ్రీనివాసరావుగారు ఎన్నో సినిమాలు తీసిన తరువాత, డెబ్బై ఏళ్లు పైబడిన వయస్సులో బొమ్మల సినిమాలకు దర్శకత్వము వహించారు. 2008లో వచ్చిన ‘ఘటోత్కచ్’ ఆయనదే. ఇప్పుడు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయములో దీనికి డిగ్రీయే ఉన్నది. మన కడపలో కూడ 2020లో లలితకళల విశ్వవిద్యాలయము ఏర్పడినది. కనుక పనికిమాలిన చదువు అనుటకు వీలులేదు. కూడు పెట్టునా అంటే, పని వచ్చినవానికి పెట్టును, పని రానివానికి ఏ చదువూ పెట్టదు.

ఇక మా సంఘములోని ఇంటి సంగతి. కడపకు పడమట ఒక పల్లె. తండ్రికి నాలుగెకరముల చేను. శనక్కాయ వేస్తాడు. ఒక్కతే ఆడబిడ్డ, హైదరాబాదులో ఒక కళాశాలలో ఈ చదువు చదివినది. చివరి సంవత్సరము ఆ పిల్ల దర్శకురాలు, ఇంకా నలుగురు తోటి విద్యార్థులు ఆమె జట్టు. కథ ఆమె ఇష్టము. ఆమె ఎంచుకొన్న కథ తమ చేనిలో వేయించిన బోరు.

ఎనిమిది నిమిషముల సినిమా తీయవలెనని అనుకొన్నది. మొదటిసారి తీసే పిల్లలందరు ఇట్లే అనుకొంటారట. ఇక్కడ లెక్క చెప్పాలి. మన పల్లెల్లో తెల్లపంచె కట్టి 1978 నాటి ‘కరుణామయుడు’ చూపిన రోజులు పెద్దవారికి జ్ఞాపకముండును. రీలు తెగినప్పుడు పారవేసిన ముక్కలను పిల్లలు ఏరుకొని ఎండలో పట్టి చూచేవారు. ఆ ముక్కలో ఒకే బొమ్మ వరుసగా ఉండును, కొంచెము కొంచెము తేడాతో. జానెడు కంటె కాస్త తక్కువ ముక్కలో ఇరవై నాలుగు బొమ్మలు, అది ఒక్క సెకను. చేతితో వేసే సినిమాలో ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు చూపి సరిపెట్టుకొన్నా, సెకనుకు పండ్రెండు వేయక తప్పదు. ఎనిమిది నిమిషములకు 5,760 బొమ్మలు. ఒక చేయి రోజుకు ఇరవై బొమ్మలు శుభ్రముగా వేయగలదనుకొంటే 288 రోజులు. అదే మూడు నిమిషములైతే 2,160 బొమ్మలు, 108 రోజులు. నలుగురు పంచుకొంటే నెలలోపు. ఆ పైన రంగులు, వెనుక కనబడే చేను, ఆకాశము, శబ్దము వేరుగా ఉన్నాయి. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనే సంగతి మన చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

ఆ అమ్మాయి ఈ లెక్క వేసికొన్నది పనిలో దిగిన రెండు నెలలకు. అప్పటికి ఒక స్నేహితురాలు బోరు బండిని నట్లు బోల్టులతో సహా అతి సొగసుగా ఇరవై బొమ్మలు వేసి పెట్టినది. మిగిలినవారు వేసిన మనుష్యులు నాలుగు గీతల మనుష్యులు. రెండును ఒక తెరమీద ఉంటే రెండు సినిమాలు అతికినట్లు ఉన్నది. దర్శకత్వము అంటే అక్కడ మొదలవుతుంది. ఎవరికంటె బాగా బొమ్మ వేయుట దర్శకుని పని కాదు. ఒకే మనిషిని నలుగురు వేసినా ఒకే మనిషిగా కనబడేటట్లు ముందే కొలతలతో ఒక మాదిరి కాగితము చేసి అందరికీ ఇచ్చుట, బాగున్న బొమ్మనైనా ఈ కథకు సరిపోదు అని చెప్పుట ఆ పని. ఈ పిల్ల ఆ మాట చెప్పలేక నెల గడిపినది. చెప్పినప్పుడు నలుగురి ముందర చెప్పినది. ఆ స్నేహితురాలు జట్టు విడిచిపోయినది.

సెలవులకు వచ్చి మా యొద్ద ఏడ్చినప్పుడు మేము పెద్ద బోధ ఏమియు చేయలేదు. సంఘములో పాటల జట్టు నడిపినవారికి ఈ బాధ తెలుసు. మంచి గొంతుగలవానిని “ఈ పాటకు నీవు వద్దు నాయనా” అనుట కంటె కష్టమైన పని గుడిలో మరొకటి లేదు. వెళ్లి ఆ బిడ్డ ఇంట ఒక పూట కూర్చుండి, బండి గీతలను తగ్గించి మరల వేయమని అడుగుమన్నాము. వెళ్లినది. ఆమె తిరిగి రాలేదు గాని, తాను వేసిన ఇరవై బొమ్మలను వాడుకొని గీతలు తగ్గించుకొనుటకు ఒప్పుకొన్నది. అంతవరకే జరిగినది.

ఒంటిచేతి పనివానికి జట్టు పని ఎంత కష్టమో పెద్దవారి విషయములోనూ చూడవచ్చును. లాత్వియా అనే చిన్న దేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ తన మొదటి పెద్ద సినిమాను 2019లో తానొక్కడే చేసినాడు. తరువాత జట్టుతో కలిసి చేసిన ‘ఫ్లో’కు 2025లో ఆస్కారు బహుమానము వచ్చినది. ఒంటరి పిల్లి ఒకటి, వరదలో ఒకే పడవలోని ఇతర జంతువులతో కలిసి బ్రదుకుట నేర్చుకొనే కథ అది. ఒక్క మాట కూడ ఉండదు. తాను జట్టుతో పనిచేయుట నేర్చుకొన్న సంగతియే ఆ పిల్లి కథలో ఉన్నదని ఆయనే చెప్పుకొన్నాడు. ఆ సినిమా చేసినది బ్లెండర్ అనే ఉచితపు సాఫ్ట్‌వేరులో అని తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను. లక్షలు పెట్టి కొనవలసిన సామాను ఉన్నదని ఎవరైనా చెప్పితే ఒకటికి రెండుసార్లు విచారించండి.

మరొక సంగతి కూడ ఆ అమ్మాయికి చెప్పినాము. ఇంగ్లండులో నిక్ పార్క్ అనే విద్యార్థి 1982లో తన చదువు చివరి సినిమాగా మట్టిబొమ్మలతో ఒకటి మొదలుపెట్టినాడు. ఇరవైమూడు నిమిషముల ఆ సినిమా ముగిసినది 1989లో! ఆ మధ్యలో ఒక సంస్థవారు అతనికి ఉద్యోగమిచ్చి, సినిమా ముగించుటకును సాయము చేశారు. అది విని ఆ పిల్ల నవ్వి, “మా నాయనకు ఈ కథ చెప్పొద్దు అయ్యగారూ, ఏడేండ్లు ఫీజు కట్టాలనుకుంటాడు” అన్నది.

నాయన బాధ మాత్రము ఫీజు కాదు. ఒక సాయంత్రము ఆరాధన అయిన తరువాత అందరు వెళ్లేవరకు ఆగి, “అయ్యగారూ, మా పాప మా ఇంటి మానం బొమ్మలేసి ఊరందరికీ చూపిస్తుందంట. నీళ్లు పడలేదని ఊరంతా తెలుసు. మళ్ల సినిమా తీసి చూపించాల్నా? మీరైనా చెప్పండి” అన్నాడు.

మన సీమలో బోరు ఎండిపోవుట అంటే ఏమో ఈ పత్రిక చదివేవారికి వివరించనవసరము లేదు. ఆయన వేయించినవి నాలుగు. తమిళనాడు తిరుచెంగోడు బండ్లు రాత్రిపూట వచ్చుట, లోతు పెరిగేకొద్ది అడుగుకు రేటు పెరుగుట, ఇంకొక్క రాడ్డు, ఇంకొక్క రాడ్డు అని ఆశ పెరుగుట, తెల్లవారేసరికి ఇంటినిండ దుమ్ము, అప్పు. నాలుగవ బోరుకు భార్య కమ్మలు కుదువకు వెళ్లినవి. సినిమాలో ఆ కుదువ అంగడి దృశ్యము నలభై సెకన్లు ఉన్నది. అదే తన కథకు గుండెకాయ అని బిడ్డ పట్టు. అది తీసివేస్తేనే నా గడప తొక్కు అని తండ్రి పట్టు.

తీర్పు చెప్పవలసినది మేము కాము. తండ్రి అవమానము తండ్రిది, దానిని మేము కొట్టివేయలేము. ఆ రాత్రి మేలుకొని రాడ్లు లెక్కపెట్టిన బిడ్డ జ్ఞాపకము బిడ్డది, దానిని దాచుకొమ్మని కూడ అనలేము. మేము చేసినది ఒక్కటే. సినిమా వేయక ముందే తండ్రికి చూపమన్నాము.

ఇది బొమ్మల సినిమాలో సాధ్యము. మామూలు సినిమాలో ఎక్కువ తీసి తరువాత కత్తిరిస్తారు. ఇక్కడ కత్తిరింపు ముందే జరుగవలెను, ఎందుకంటే పారవేసిన ప్రతి సెకను ఒకరి రోజు కూలి. కథను చిన్న చిన్న పటములుగా వేసి స్టోరీ బోర్డు అంటారు. ఆ పటములను, ఏది ఎంతసేపు ఉండవలెనో అంతసేపు నిలిపి, శబ్దము చేర్చి ఆడిస్తే యానిమాటిక్ అంటారు. పెన్సిలు గీతల ఆ మూడు నిమిషములను సెల్ ఫోనులో వారి ఇంటి వసారాలో తండ్రికి, తల్లికి, అవ్వకు చూపినది. మేమును అక్కడే యున్నాము.

తండ్రి మొదట అన్నమాట కుదువ అంగడి గురించి కాదు. “బోరు శబ్దం ఇట్ల కాదు. పైన ఎర్రమట్టిలో ఒక రకంగా ఉంటుంది, రాయి తగిల్తే వేరే. దుమ్ము రంగు కూడా మారుతుంది. నీళ్లు తగిల్తే దుమ్ము లేయదు, బురద లేస్తుంది. నువ్వు అంతా ఒకటే రంగు వేసినావు” అన్నాడు. అవ్వ, టెంకాయ అరచేతిలో ఎట్లు పట్టుకొంటారో చూపినది. టెంకాయతో నీటిజాడ చూచుట మేము నమ్మము. ఊరిలో ఎందరికో చెప్పినాము కూడ. కాని ఆ రోజు అవ్వ చేనంతా అట్లు నడిచినది నిజము, నిజముగా జరిగినదానిని సినిమాలోనుండి తీసివేయమనుట మా పని కాదు.

కుదువ అంగడి వచ్చినప్పుడు తండ్రి లేచి బయటకు పోయినాడు. తల్లి మాత్రము చివరివరకు చూచి, “ఆ అంగడెందుకులే పాపా. నా చెవులు చూస్తే తెలుస్తుంది గదా” అన్నది. కమ్మలు లేనప్పుడు రంధ్రములు పూడిపోకుండ వేపపుల్ల పెట్టుకొనుట మన ఇండ్లలో ఆడవారికి తెలిసినదే.

ఆ అమ్మాయి ఆ మాట పట్టుకొన్నది. మొదటి దృశ్యములో తల్లి చెవులకు కమ్మలు. చివర తల్లి పొయ్యి ఊదుతూ తల త్రిప్పినప్పుడు వేపపుల్లలు. నడుమ అంగడి లేదు. నలభై సెకన్లు పోయినవి, అంటే 480 బొమ్మలు తగ్గినవి. మిగిలిన ముగ్గురు జట్టువారు ఆ మిగిలిన దినములలో దుమ్ము రంగులు మార్చి వేశారు. ఎరుపు, తరువాత బూడిద, తరువాత తెలుపు.

ఈ మార్పు ఎవరిది? తల్లిదే. దర్శకుని పేరు కూతురిది. ఈ పనిలో పేరొందిన పెద్దలు కూడ ఇంట్లోవారి మాటలు, వంటగది మాటలు ఏరుకొనే పనిచేస్తారని మా నమ్మకము. ఎవరి మాట తీసికొనవలెను, ఎవరిది విడువవలెను అని తేల్చుకొనుట నేర్చుకొన్నది గనుక ఆమెకు ఆ పేరు చెల్లును.

శబ్దము పల్లెలోనే పట్టినారు. గుడిలో పట్టుదామని మేమంటిమి గాని, ఖాళీ గోడల మధ్య మాట మ్రోగుచున్నది. చివరకు శనక్కాయ బస్తాలు వేసిన గదిలో, బస్తాల మధ్య కూర్చుండి సెల్ ఫోనుతో పట్టితే స్టూడియోలో పట్టినంత నెమ్మదిగా వచ్చినది. బస్తాలు మ్రోతను త్రాగివేయునట. రాడ్లు లెక్కపెట్టే చిన్నపాప గొంతు మా ఆదివారపు బడి పిల్లది. సినిమాలో ఉన్న మాటలన్నీ ఆ లెక్కయే. ఒకటి మొదలు ఇరవై ఆరు వరకు. చివరివి పాప నిద్రమత్తులో చెప్పవలెను. ఆ పిల్ల నిజముగానే బస్తాపై తలపెట్టి నిద్రపోయినది గనుక నటన అక్కరలేకపోయినది. రాయి తగిలిన శబ్దమునకు తండ్రే రోకలిని నాపరాతిపై కొట్టి చూపినాడు, నాలుగైదు రాళ్లు మార్చి, ఇది కాదు, ఇది కాదు అంటూ.

కళాశాలలో పరీక్షకు సినిమా ఇచ్చిన తరువాత, తండ్రి అనుమతి మరల అడిగి, కోత పండుగ రాత్రి గుడి ఆవరణములో తెల్లపంచెపై చూపినాము. ఆయన వెనుక, వేపచెట్టు క్రింద నిలువబడినాడు. మూడు నిమిషములే గనుక ఆలస్యముగా వచ్చినవారికోసము రెండవసారి కూడ వేయవలసి వచ్చినది. ఆడవారిలో కొందరు చివరి బొమ్మ దగ్గర చెవులు తడుముకొనుట చూచినాము. మగవారు ఎవరును ఏమియు అనలేదు, చాలసేపు.

తరువాత ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలి రైతు వెనుకకు తిరిగి, “ఏమప్పా, ఇరవై ఆరు రాడ్లేనా, ఎక్కువ పోలేదా?” అని అడిగినాడు.

“ఇరవై ఆరే. ఐదునూర్ల ఇరవై అడుగులు” అన్నాడు ఆయన చెట్టు క్రిందనుండి. “పాప లెక్క సరిగ్గానే ఉంది.”